తట్టితే వెలిగే దీపం

మూడో అంతస్తు, రాత బల్ల
ఫిబ్రవరి

వైర్ల మరిదికి,

నువ్వు గూఢచారివి. దానికి నువ్వు పెట్టుకున్న ముద్దుపేరు అభిరుచి. మనిషి ఎప్పుడు లేచింది, వంటగదిలోకి ఎప్పుడు వెళ్ళింది, ఏ తలుపు ఎంతసేపు తెరిచి ఉంచింది, ఇవన్నీ గీతలు గీసుకుని మురిసిపోయేవాడిని ఇంకేమంటారు? ప్రభుత్వం చేస్తే నిఘా, కంపెనీ చేస్తే వ్యాపారం, మరిది చేస్తే ప్రేమా?

నువ్వు మా ఇంటి పైకప్పులకి తగిలించిన నాలుగు పెట్టెలూ ఈ పార్సెల్లోనే ఉన్నాయి. వంటగది పైకప్పుది ఊడదీస్తుంటే సున్నం పెచ్చు నా కళ్ళజోడు మీద పడింది. వెనక గదిది ఊడదీయడానికి కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కాను. పడి ఉంటే ఆ సంగతి కూడా నీ గ్రాఫులో ఒక అందమైన లోయలా కనిపించేది కాబోలు.

నువ్వు వీటిని తగిలించిన రోజున నేను ఎందుకు ఊరుకున్నానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అద్దె ఇళ్ళ సంఘం పత్రికలో ఎన్నేళ్ళుగానో ఇదే రాస్తున్నాను: ఇంటి యజమాని వరండాలో కెమెరా పెడితే అది భద్రత కాదు, బెదిరింపు అని. అదే చేత్తో నీకు నిచ్చెన పట్టుకున్నాను. కంచే చేను మేయడమంటే ఇదే.

నాకు చెవుడని మా తోటికోడలితో అన్నావట. నా చెవులకేమీ కాలేదు. లోకమే గొణగడం మొదలుపెట్టింది. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్లో నీ గొంతు రేకు డబ్బాలో కందిరీగలా ఉంటుంది. చెప్పేదేదో కాగితం మీద చెప్పు.

ఒక్కటి మాత్రం వెనక్కి పంపడం లేదు. సింకు నిండితే వెలిగే ఆ ఎర్ర దీపం. నేను రాతలో పడి కుళాయి మరిచిపోతే అది కళ్ళు మిటకరిస్తుంది. అది నాతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. దానికి నీకు కృతజ్ఞతలు. మిగతా వాటికి సంజాయిషీ కావాలి.

వదిన


కట్టుడు పళ్ళ వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి

వదినగారికి నమస్కారం.

పార్సెల్ అందింది. "ఏం వచ్చింది?" అని మా ఆవిడ అడిగింది. "నా పరువు, వాపసు వచ్చింది," అన్నాను. ఆవిడ నవ్వింది. ఇప్పుడు నా ముందు ఎవరెవరివో ప్లాస్టరు పళ్ళు వరసగా నవ్వుతున్నాయి. కాబట్టి మీ మరిది నలుగురి మధ్యా నవ్వులపాలై ఉన్నాడని గమనించ ప్రార్థన.

సంజాయిషీ అడిగారు. పోయిన ఏడు పాలు పొంగి స్టవ్ ఆరిపోయి, ఇల్లంతా గ్యాసు నిండి, పై అంతస్తు లెక్కల టీచరమ్మ తలుపు బాదుతుంటే మీరు లోపల కూర్చుని సంపాదకీయం రాసుకుంటున్నారు. ఆవిడే చెప్పింది. బాదీ బాదీ చెయ్యి వాచాక, తలుపు పైనున్న వెంటిలేటర్లోంచి బట్టల క్లిప్పులు విసిరిందట. అవి బల్ల మీద పడ్డాక గాని మీరు తలెత్తలేదు. అది విన్న రోజే పళ్ళ పని పక్కన పెట్టాను. పళ్ళు కాక నాకు తెలిసిన విద్య ఈ వైర్లదొక్కటే. బోర్డులూ తీగలూ కొని, ప్రోగ్రాం రాసి, మీ ఇంటికి తెచ్చి తగిలించాను. గూఢచారినే అయితే, జీతం లేని గూఢచారిని.

ఈ విద్య నాకు ఎక్కడిదో మీకు గుర్తుందా? నేను హైస్కూల్లో ఉండగా మీ కొత్త కాపురంలో ఉన్న ఒకే ఒక రేడియోని విప్పి, నేల మీద పరిచేశాను. అన్నయ్య చెయ్యెత్తాడు. మీరు మధ్యలోకి వచ్చి, "విప్పినవాడే బిగిస్తాడు. అందాకా ఈ ఇంట్లో వార్తలు లేవు, అంతే," అన్నారు. నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి. ఒక్కరోజైనా "అయిందా?" అని అడగలేదు మీరు. చివరికి అది పాడినప్పుడు మీరు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పాట అయ్యేదాకా నిలబడి విన్నారు. ఆ నిలబడటానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇంకో మాట. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు. వెనక గది పెట్టె మిగతా వాటిలాంటిది కాదు. మనిషి కదలకుండా పడుకున్నా, ఊపిరికి ఛాతీ పైకీ కిందికీ కదిలితే పసిగడుతుంది. మీరు పత్రికాఫీసులో ఉండే మధ్యాహ్నాల్లో కూడా ఆ గదిలో ఎవరో ఉన్నట్టు చెప్పింది. మొదట ఫ్యాను అనుకున్నాను. తర్వాత కర్టెన్ అనుకున్నాను. ప్రోగ్రాం మొత్తం తిరగరాశాను. కానీ వదినా, ఫ్యాను నిద్రలో పక్కకి ఒత్తిగిల్లదు కదా.

అన్నయ్య పోయి ఇన్నేళ్ళయింది. మీరు ఎవరినైనా తోడు చూసుకుంటే నాకూ మీ తోటికోడలికీ సంతోషమే తప్ప మరేమీ లేదు. పెట్టెలు ఊడదీసింది అందుకే అయితే నాతో అంత కోపం నటించనక్కర్లేదు. ఆయన మంచివాడైతే చాలు. పళ్ళు బాగా లేకపోతే చెప్పండి, సెట్టు నేను చేసి పెడతాను.

మీ
మరిది


మూడో అంతస్తు, రాత బల్ల
మార్చి

ఒరేయ్ మహానుభావా,

ఆయనట! పళ్ళ సెట్టట! నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే లెక్కల టీచరమ్మ పైనుంచి దిగి వచ్చి, "ఏమయ్యిందండీ, పత్రిక మూసేశారా?" అని అడిగింది.

నవ్వు అయిపోయాక ఉత్తరం మళ్ళీ చదివాను. వదిన ఇంట్లో మగమనిషి ఉన్నాడనుకుని, కర్ర పట్టుకుని రాకుండా పళ్ళు చేసి పెడతానన్నవాడు ఎన్ని ఇళ్ళల్లో దొరుకుతాడు? నా తరం మగవాళ్ళ మీద నేను రాసిన రాతల్లో ఒక మినహాయింపు చేర్చాల్సి వస్తోంది. అది నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

కాబట్టి నిజం చెబుతాను. చదివాక ఈ కాగితం చింపెయ్యి.

వెనక గదిలో ఉన్నది ఒక అమ్మాయి. బట్టల కొట్టుకి జాకెట్లూ గౌన్లూ కుడుతుంది. సంఘం ఆఫీసుకి వచ్చి, "తలుపుకి లోపలి వైపు గడియ ఉన్న గది దొరుకుతుందా అమ్మా?" అని అడిగింది. అద్దె ఎంతని అడగలేదు, వెలుతురు వస్తుందా అని అడగలేదు, గడియ లోపలి వైపు ఉందా అనే అడిగింది. నేను ఇంకేమీ అడగకుండా వెంటపెట్టుకుని వచ్చాను.

ఆమె మొగుడు దుకాణాలకి కెమెరాలు అమర్చే పని చేస్తాడు. ఇంట్లోనూ అమర్చాడు. పొయ్యి మీద ఒకటి, కుట్టు మిషను మీద ఒకటి. పనిలో ఉండి ఫోన్ చేస్తాడట. "మిషను ఎందుకు ఆగింది?" దారం తెగిందండీ. "దారం తెగితే ఇంతసేపా? కిటికీ దగ్గర ఎవరితో మాట్లాడావు?" ఇదంతా ఆమె బాగోగుల కోసమేనని అందరితో చెప్పుకుంటాడు. చెయ్యి కూడా చేసుకున్నాడు, కానీ ఆ అమ్మాయి దాని గురించి ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. ఫోన్ల గురించే గంటసేపు చెప్పింది.

వచ్చిన కొన్నాళ్ళు తల ఎత్తకుండా పడుకుంది. నిద్రపోతున్న మనిషి కాదు, నిద్ర బాకీ తీర్చుకుంటున్న మనిషి. ఒకరోజు కాస్త తేరుకుని, గది చూద్దామని తల పైకెత్తింది. పైకప్పు మీద నీ తెల్ల పెట్టె. దానికో ఆకుపచ్చ చుక్క.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల కింద కూర్చుని ఉంది. "అది ఎవరిదమ్మా?" అంది.

"మా మరిదిది."

"ఆయన చూస్తున్నాడా?"

అది కెమెరా కాదమ్మా అన్నాను. "కెమెరా కాకపోతే ఏం? నేను ఇక్కడ ఉన్నట్టు ఆయనకి తెలుస్తుందా తెలియదా?"

నా దగ్గర ఉన్నవన్నీ ఉపన్యాసాలే. అందుకే కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కాను, అందుకే నిన్ను గూఢచారి అన్నాను.

ఆమెకి వేరే ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి నడుపుకునే కుట్టు కేంద్రంలో చోటు చూస్తున్నాం. జూన్ దాకా ఖాళీ అవదు. అప్పటి వరకు ఆమె ఇక్కడ ఉన్నట్టు వాడికి తెలియకూడదు. ఇప్పుడు సూటిగా చెప్పు. నీ పెట్టెలు చూసింది ఎక్కడికి పోతుంది? ఎవరు చూడగలరు? నువ్వు మంచివాడివని నాకు తెలుసు. అది సమాధానం కాదు.

వదిన


పళ్ళ వర్క్‌షాపు
మార్చి చివర

వదినా,

కాగితం చింపేశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

సూటిగా అడిగారు. పెట్టెలు చూసింది నా ఫోనుకి వస్తుంది. దారిలో ఆ బోర్డులు అమ్మిన కంపెనీ సర్వర్లో ఒక కాపీ మిగులుతుంది. దాన్ని ఎవరు చూస్తారో నాకు తెలియదు. అది అడగాలన్న ఆలోచన కూడా నాకెప్పుడూ రాలేదు.

ఇంతకంటే చెడ్డ మాట ఒకటుంది. నాలాంటి అభిరుచి ఉన్నవాళ్ళకి ఇంటర్నెట్లో ఒక చావడి ఉంది. ఎవరు ఏం తయారుచేశారో అక్కడ చూపించుకుంటాం. ఊపిరిని పసిగట్టే ప్రోగ్రాం కుదిరిన రోజు, ఆ సంతోషంలో మీ వెనక గది గ్రాఫు అక్కడ పెట్టాను. 'మా వదిన ఇల్లు' అని పేరు పెట్టాను. ఊరూ లేదు, వీధీ లేదు. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన, "రెండో మనిషి ఎవరండీ?" అని అడిగాడు. దాన్ని కూడా నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మీ ఉత్తరం అందిన సాయంత్రమే అది తీసేశాను. కంపెనీ ఖాతా మూసేశాను. ఆ రోజు నేను చేసిన పళ్ళ సెట్టు ఎవరి నోటికీ పట్టదు. పారేసి మళ్ళీ చేశాను.

ఒక సంగతి తట్టింది. పళ్ళు చేసేటప్పుడు ముందు నోటి కొలత తీసుకుంటాను. పెద్దాయన కొరికి చూసి, "ఇక్కడ గుచ్చుకుంటోంది నాయనా," అంటే అక్కడ అరగదీస్తాను. కొలత లేకుండా ఒక్క పన్ను చెయ్యను. మీ ఇంటికి మాత్రం మిమ్మల్ని అడగకుండానే నాకు నచ్చిందల్లా బిగించి వచ్చాను.

విప్పినవాడే బిగిస్తాడు. ఈసారి కొలతతో. నా దగ్గర అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు ఒకటి ఉంది. ప్రోగ్రాం అంతా దానిలోనే, మీ అలమారలోనే ఉంటుంది. ఇంటర్నెట్ ఉండదు. నాకు ఏమీ రాదు. ప్లగ్గు పీకితే అన్నీ చచ్చిపోతాయి, ఆ ప్లగ్గు మీ చేతిలో ఉంటుంది. ఆ అమ్మాయికి ఇవేవీ వద్దనిపిస్తే అసలు వద్దు.

ఆమెను అడిగి చెప్పండి. ఈ ఇంటికి ఏం తెలిస్తే ఆమెకు మేలు? ఏం తెలియకూడదు? తెలిసింది ఎవరికి చెప్పాలి?

క్షమించమని అడగడం లేదు. ముందు పని కానివ్వండి.

మీ
మరిది


మూడో అంతస్తు, వంటగది బల్ల
ఏప్రిల్

మరిదికి,

నీ ఉత్తరం చదివినప్పుడు మూడు పేజీల తిట్లు రాశాను. తెల్లారి చదువుకుంటే ఒక్క వాక్యమే పనికొచ్చింది: దాచకుండా చెప్పావు. నేను సంపాదకురాలిని, మిగతాది కత్తిరించాను.

నీ ప్రశ్నలు ఆ అమ్మాయికి చదివి వినిపించాను. "నన్ను ఇలా ఎవరూ అడగలేదమ్మా," అంది. తర్వాత కుట్టుకునే గుడ్డ పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. గది లోపల ఏం జరిగినా ఇంటికి తెలియనక్కర్లేదు. తలుపు బయట, మెట్ల మలుపులో ఎవరైనా నిలబడితే తెలియాలి. వాడు తలుపు తట్టడట, నిలబడి వింటాడట. తెలిసింది ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ వెళ్ళకూడదు. చివరిది నా కోసం అడిగింది: "అమ్మగారికి తలుపు చప్పుడు వినపడదు. ఆవిడకి దీపంతో చెప్పించండి." వినపడకపోవడమేమిటని కసిరాను. రెండుసార్లు కసిరాను. మొదటిసారి ఆమె ఏమందో నాకు వినపడలేదు.

నువ్వు పంపినవన్నీ అందాయి. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్ట కింద పరిచే ఆ పలుచటి రేకు, తలుపుకి అంటించే తట్టుడు పెట్టె, మా మేడలో సంఘంలో చేరిన ప్రతి ఇంటికీ ఒక్కో దీపం. ఇంటర్నెట్ లేకుండా మార్చి తిరిగి పంపిన తెల్ల పెట్టెలూ, ఆ చిన్న కంప్యూటరూ అలమారలో ఉన్నాయి. ఏ అంతస్తువాళ్ళూ కాదనలేదు. బేకరీ ఆవిడ దీపాన్ని పొయ్యి పైన పెట్టుకుంది, అక్కడైతే తప్పకుండా చూస్తానని.

ఇక నీ గొప్ప ప్రోగ్రాం సంగతి విను. గుమ్మంలో నిలబడి తలుపు తట్టినవాడు చుట్టం, నా బల్ల మీద దీపం మిటకరిస్తుంది. నిలబడి తట్టనివాడు శత్రువు, అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతాయి. అంతే కదా? నిన్న మధ్యాహ్నం అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలిగాయి. పైనుంచి లెక్కల టీచరమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని దిగింది. దాని వైరు మెట్ల మీద తోకలా ఈడ్చుకుంటూ వస్తోంది. కింది నుంచి బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో, పిండి కర్రతో ఎక్కింది. ఇంకా ఎవరెవరో. మధ్యలో నా గుమ్మం ముందు చిక్కుకున్నది ఎవరయ్యా అంటే, నువ్వు పంపిన అదనపు దీపాల పార్సెల్ పట్టుకున్న పోస్టాయన!

"తట్టకుండా ఎందుకు నిలబడ్డావు?" అని టీచరమ్మ గద్దించింది.

"తట్టానమ్మా, తట్టీ తట్టీ అలిసి నిలబడ్డాను! సంతకం కూడా వద్దు, ఈ డబ్బా మీరే ఉంచుకోండి, నన్ను పోనివ్వండి!"

తట్టాడు పాపం. తట్టుడు పెట్టెని తలుపుకి అంటించమని నువ్వు కాగితంలో రాశావు. నేను పక్కనున్న గోడకి అంటించాను. గోడని ఎవడు తడతాడు? తలుపుకి ఎందుకు అంటించలేదని అడుగుతావు. తలుపు వెనక, నువ్వు చెప్పిన చోట, మేకుకి మీ అన్నయ్య గొడుగు వేలాడుతోంది. అంతే. తర్వాతి విషయం.

తర్వాతి విషయం ఏమిటంటే ఆ అమ్మాయి నవ్వింది. వెనక గది తలుపు సందులోంచి ఇస్త్రీ పెట్టెనీ పిండి కర్రనీ చూసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, వంగి వంగి నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె నవ్వు చూడటం అదే మొదలు. నీ ప్రోగ్రాం తప్పింది, అందుకు నీకు వెయ్యి నమస్కారాలు.

నవ్వయ్యాక మంచి మాట ఒకటి చెప్పింది. "పెట్టె నాకు చెబితే చాలమ్మా. నలుగురినీ పిలవాలో వద్దో నేను చూసుకుంటాను." అదీ సంగతి మరిదీ. ఇన్నేళ్ళుగా నేను రాస్తూ వచ్చిందాన్ని ఆ అమ్మాయి దారం తెంపినంత తేలిగ్గా చెప్పేసింది. పెట్టె చెప్పాలి, మనిషి పిలవాలి. ఆమె చేతిలో పట్టే బొత్తాం ఒకటి చెయ్యి.

వదిన


పళ్ళ వర్క్‌షాపు
ఏప్రిల్ చివర

వదినగారికి,

పోస్టాయనకి నా తరఫున క్షమాపణ చెప్పండి. ఆయనకి పళ్ళ అవసరం ఎప్పుడొచ్చినా నా దగ్గరికి పంపండి.

అమ్మాయి చెప్పినట్టే మార్చాను. గుమ్మంలో ఎవరు నిలబడినా మీ బల్ల మీదా ఆమె గదిలోనూ దీపం వెలుగుతుంది. అంతకు మించి ఏమీ జరగదు. ఆమె బొత్తాం నొక్కితేనే మిగతా ఇళ్ళకి వెళుతుంది. ఇంత చిన్న ప్రోగ్రాం నేను ఎప్పుడూ రాయలేదు. రాసినదాంట్లో సగం కొట్టేస్తే గాని తయారు కాలేదు.

దీనితో గులాబీ రంగు మైనం ముక్క ఒకటి పంపుతున్నాను. పళ్ళ కొలతకి వాడే మైనమే. గోరువెచ్చటి నీళ్ళలో మెత్తబరిచి, ఆ అమ్మాయిని పిడికిట్లో గట్టిగా నొక్కి పంపమనండి. బొత్తానికి తొడుగు దాని ప్రకారం చేస్తాను. చిగుళ్ళకి వాడే పదార్థంతోనే పోస్తాను, చేతికి గుచ్చుకోదు. అది ఆమె చేతికి తప్ప ఇంకెవరి చేతికీ సరిగ్గా పట్టదు.

గొడుగు సంగతి అర్థమైంది. దాన్ని కదపకండి. ప్రోగ్రామే పక్కకి జరుగుతుంది.

మీ
మరిది


మూడో అంతస్తు, రాత బల్ల
జూన్

ప్రియమైన మరిదికి,

అవును, ప్రియమైన అనే రాశాను. కళ్ళు నులుముకోకు.

వాడు వచ్చాడు. నీ గ్రాఫు వల్ల కాదు, తల బాదుకోకు. బట్టల కొట్టు వాళ్ళని పీడించి, కుట్టిన బట్టలు ఎవరు తెచ్చి ఇస్తున్నారో కనుక్కున్నాడు. తెచ్చి ఇచ్చేది నేనే. అందుకే నా వెనకే మెట్లెక్కాడు. నేను తలుపు వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, రాతకి కూర్చున్నాను. బల్ల మీద దీపం వెలిగింది.

పోస్టాయన అనుకుని లేచాను. నిజం చెబుతున్నాను, గడియ మీద చెయ్యి కూడా వేశాను. వెనక గదిలోంచి ఆ అమ్మాయి పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పెదవుల మీద వేలు పెట్టి, తలుపు కంతలోంచి చూసింది. ఆమె ముఖం చూసి ఎవరో నాకు అర్థమైంది. చెవులతో పని పడలేదు.

ఆ దీపం లేకపోతే ఆమె వెనక గదిలో మిషను తొక్కుతూ ఉండేది. వాడు అక్కడే నిలబడి మిషను చప్పుడు వినేవాడు, నేను కదిలినప్పుడు ఎప్పుడో తలుపు తీసేదాన్ని. అలా జరగలేదు. ఇది కాగితం మీద పెట్టాలని, అచ్చంగా నీకు చెప్పాలని, ఇన్ని రోజులుగా వాక్యం వెతుక్కుంటున్నాను. తిట్లకి నాకు మాటల కొరత లేదు. కృతజ్ఞతకే తడుముకోవాల్సి వస్తోంది. అలవాటు తప్పింది.

అమ్మాయి గులాబీ రంగు బొత్తాన్ని పిడికిట్లో పట్టుకుంది. వెంటనే నొక్కలేదు. నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. కళ్ళు మూసుకుంది, తెరిచింది, నొక్కింది.

ఆ తర్వాత జరిగింది నేను తలుపు తీశాక చూసింది కొంత, టీచరమ్మ తర్వాత నాకు కాగితం మీద రాసి చూపించింది కొంత. పై మెట్ల మీద వాళ్ళు, కింది మెట్ల మీద వీళ్ళు, వాడు నడిమధ్యలో. ఈసారి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఊరికే వచ్చి నిలబడ్డారు. బేకరీ ఆవిడ చేతులు కట్టుకుంది.

"నేను మా ఆవిడతో మాట్లాడాలి," అన్నాడు.

"మాట్లాడు. వింటున్నాం," అంది టీచరమ్మ.

"మీతో కాదు."

"ఇక్కడ ఉన్నవాళ్ళు మేమే నాయనా. మాతోనే మొదలుపెట్టు. ముందు నీ పని చెప్పు, తర్వాత నీ పద్ధతి చెప్పు."

"ఇది మా ఇంటి విషయం."

"నువ్వు నిలబడింది మా ఇంటి మెట్లు," అంది బేకరీ ఆవిడ.

అప్పుడు ఆ అమ్మాయే గడియ తీసింది. నేను తీయలేదు, తీయమనలేదు. గుమ్మంలోకి వచ్చి, మెడలో ఉన్న కొలత టేపు కూడా తీయకుండా నిలబడి చెప్పింది. "నేను ఎక్కడ ఉన్నానో చూశావుగా. ఇదే ఆఖరు. ఇంక చూడలేవు. వెళ్ళు."

వాడు నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. అన్ని అంతస్తుల తలుపులూ తెరిచి ఉన్నాయి, ప్రతి గుమ్మంలోనూ నీ దీపం వెలుతురు పడుతోంది. ఎప్పుడూ చూసేవాడే తప్ప, ఇంతమంది తనని చూడటం వాడికి కొత్త. దిగిపోయాడు. మెట్ల కింద దాకా ఒక్కో తలుపు దాటుకుంటూ దిగాడు. మేము ఊరుకోలేదు. ఆ సాయంత్రమే సంఘం వకీలుని వెంటపెట్టుకుని వెళ్ళి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. అది రాసింది నేను కాబట్టి ఎంత మర్యాదగా ఉందో ఊహించుకో.

కుట్టు కేంద్రం వాళ్ళు విషయం విని, అనుకున్న రోజుకి ముందే చోటు ఇచ్చారు. ఆదివారం ఆమెను బస్సు ఎక్కించి వచ్చాం. బయలుదేరే వేళకి వాన పట్టుకుంది. కుట్టు మిషను తలని దుప్పట్లో చుట్టి బేకరీ ఆవిడ ఎత్తుకుంది. అమ్మాయి సంచీ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చి, "ఒకటి అడగనా అమ్మా? ఆ తెల్ల పెట్టెల్లో ఒకటి నాకు ఇస్తారా? కొత్త గదికి," అంది.

దేన్ని చూసి బల్ల కిందికి దూరిందో, దాన్నే అడిగింది. ఇచ్చాను. అలమారలో ఉండే ఆ చిన్న కంప్యూటరు కూడా ఇచ్చేశాను. పెట్టెకి ఆమె ముందే గుడ్డ తొడుగు కుట్టుకుని ఉంచుకుంది, ఆకుపచ్చ చుక్క కనపడకుండా. అది తనదట. ప్లగ్గు తన చేతిలోనే ఉంటుందట.

ఇంతలో వాన పెద్దదైంది. తలుపు వెనక చెయ్యి పెట్టి గొడుగు తీసి ఆమెకి ఇచ్చాను. ఆలోచించి ఇచ్చింది కాదు. వాన పడుతుంటే మనిషి చెయ్యి గొడుగు కోసం వెళుతుంది, అంతే. ఆమె ఎక్కిన బస్సు వీధి మలుపు తిరిగాక గాని నేను ఏం ఇచ్చానో నాకు తెలియలేదు. ఇంటికి వచ్చి ఆ మేకుని చాలాసేపు చూశాను. మీ అన్నయ్య అయితే, "ఇన్నాళ్ళూ దాన్ని తడవకుండా దాచిపెట్టావా, పిచ్చిదానా? గొడుగు తడవడానికేగా!" అనేవాడు.

నువ్వు నాకు రుణపడ్డానని రాశావు, రేడియో పాడుతుంటే నిలబడి విన్నందుకు. ఆ పాట నాకు ఇప్పటికీ వినపడుతోంది. మిగతావే వినపడటం లేదు. ఇదిగో, రాశాను. ఇక దీని గురించి మా తోటికోడలితో చాటింపు వెయ్యకు.

ఇక నా డిమాండ్లు. బేరాల్లేవు.

ఒకటి. వెనక గదిని ఖాళీగా ఉంచకూడదని సంఘం తీర్మానించింది. దానికి కొత్త సెట్టు పంపు. ఏ పెట్టెకీ ఆకుపచ్చ చుక్క ఉండకూడదు.

రెండు. వచ్చే ప్రతి మనిషినీ ముందు అడుగుతాం. ఆమె వద్దంటే పెట్టెలు అలమారలోనే ఉంటాయి. దీనికి ఒప్పుకుంటున్నట్టు రాసి పంపు.

మూడు. ప్రోగ్రాంని మామూలు మాటల్లో, ఎవరైనా చదివి చేసుకునేలా రాసి ఇవ్వు. మా పత్రికలో అచ్చు వేస్తాను, నీ పేరుతో సహా. సిగ్గుపడకు.

నాలుగు. బొత్తాం తొడుగులకి మైనం ఎక్కువగా పంపు. చేతులు చాలా ఉన్నాయి.

ఐదు. పోస్టాయన ఇప్పుడు మెట్ల కింద నుంచే ఈల వేస్తున్నాడు. నాకు వినపడదు. ఆయనకి వేరే దీపం కావాలి, పసుపు రంగుది.

ఆరు. నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఒక్కసారే అడుగుతున్నాను.

ఏడు. తలుపు వెనక చోటు ఖాళీ అయింది. తట్టుడు పెట్టెని నువ్వే వచ్చి అక్కడ అంటించు.

ఎనిమిది. వచ్చినప్పుడు తలుపు తట్టు. నాకు కనిపిస్తుంది.

మీ వదిన